కాపుకొచ్చిన తోటలో ఆమె వాటా

ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇవ్వడంలో తెలుగునాడు దేశానికి దారి చూపిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. అందులో నిజం ఉంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి 13వ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆనాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ అందలేదు. కానీ ఆ చట్టం విశాఖ నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కలేదు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించబోమని 1955 నాటి హిందూ వివాహ చట్టం, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తమ రెండో సెక్షన్‌లోనే చెప్పేశాయి. మన మన్యానికి అలాంటి నోటిఫికేషన్ రాలేదు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి విశాఖ జిల్లాలో గిరిజనులు ఆరు లక్షలకు పైగా ఉన్నారు. బగత, కొండదొర, కోందు, పోర్జ, గదబ, వాల్మీకి, కోటియ, నూకదొర, ఇలా ఒక్కో తెగది ఒక్కో కట్టుబాటు. వాళ్ళ పెళ్ళి, తెగతెంపులు, వారసత్వం ఇప్పటికీ ఆ కట్టుబాటు ప్రకారమే నడుస్తున్నాయి. దీని మీద ఇన్నాళ్ళూ రెండు వాదనలే వినిపిస్తున్నాయి. మైదానం చట్టాన్ని కొండకు తీసుకెళ్ళాలని ఒక వర్గం, ఆచారం జోలికి పోవద్దని ఇంకో వర్గం. ఈ రెండింటికీ బయట మూడో దారి ఉంది. పెళ్ళి తర్వాత ఆలుమగలు కూడబెట్టిన ఆస్తి ఎవరిది, విడిపోయినప్పుడు ఎలా పంచాలి అన్న దాని మీద తెగలే తమ చట్టం రాసుకోవడం ఆ దారి. చట్టబలం ఉన్న అలాంటి నియమావళి మన మన్యంలో ఇంతవరకు లేదు. అది కావాలనీ, రాజ్యాంగం దానికి అడ్డురాదనీ, ఆ పనికి ఇదే సమయమనీ నా వాదన.

ముందు ఒక తేడా గుర్తించాలి. వారసత్వం వేరు, దాంపత్య ఆస్తి వేరు. తండ్రి చనిపోతే కూతురికి ఏం వస్తుందన్నది వారసత్వం. పదిహేనేళ్ళు కలిసి కష్టపడ్డ ఇద్దరు విడిపోతే ఎవరికి ఏం మిగులుతుందన్నది దాంపత్య ఆస్తి. మొదటి దాని మీద కోర్టులు, కమిషన్లు ఎంతో చర్చించాయి. రెండోదాని మీద దేశం దాదాపు మౌనంగా ఉంది. నిజానికి మైదానంలో ఉన్న హిందూ స్త్రీకి కూడా భర్త సంపాదించిన ఇంటిలో విడాకుల నాడు సగం వాటా అడిగే చట్టం లేదు. భరణం అడగవచ్చు, స్త్రీధనం వెనక్కి అడగవచ్చు, పెళ్ళినాడు ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల గురించి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద అడగవచ్చు. అంతవరకే. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా అమల్లో ఉన్న గోవాలో మాత్రం పెళ్ళితో ఆలుమగల ఆస్తి ఉమ్మడి అవుతుంది, వేరే ఒప్పందం లేకపోతే ఎవరి సగం వాళ్ళది. ఇంటి చాకిరీ చేసిన భార్యకు భర్త కొన్న ఆస్తిలో సమాన వాటా ఉందని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది ఒక కేసు మీద ఇచ్చిన మంచి తీర్పే గానీ చట్టం కాదు. హిందూ చట్టాలను గిరిజనులకు వర్తింపజేస్తే సమస్య తీరిపోతుందనే వాళ్ళు ఈ సంగతి గమనించాలి. మైదానం తన దగ్గరే లేని హక్కును కొండకు ఎలా ఇస్తుంది?

ఇక ఆచారాన్ని న్యాయంగా చూద్దాం. మన్యంలో కట్నం పాత ఆచారం కాదు. మగపిల్లాడి తరఫువాళ్ళే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇస్తారు. ఓలి అంటే ఆడపిల్లను కొనుక్కోవడమేనని కొండ కిందివాళ్ళు తేలిగ్గా అనేస్తారు. పనిచేసే మనిషి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళుతోందని రెండు ఇళ్ళూ నలుగురి ముందు ఒప్పుకోవడం కూడా అందులో ఉందని మరిచిపోతారు. ఇష్టపడి వెళ్ళిపోయిన జంటను తర్వాత పెద్దలు కూర్చుని కలుపుతారు. కుదరని కాపురాన్ని తెంచుకోవడం, మారుమనువు చేసుకోవడం, మొగుడు పోయిన ఆడది మళ్ళీ పెళ్ళాడడం పరువు తక్కువ పనులు కావు. భార్య వేరే మనిషితో వెళితే చాలా తెగల్లో ఆ కొత్త మనిషి పాత భర్తకు తప్పు కడతాడు. తగువు కులపెద్దల ముందుకు వస్తుంది, బారికి కబురు మోస్తాడు, లాయరు ఫీజు, వాయిదాలు లేకుండా మాట తెగుతుంది. విడాకుల కోసం ఏళ్ళ తరబడి విశాఖ ఫ్యామిలీ కోర్టు చుట్టూ తిరిగే పట్నం ఆడవాళ్ళకు ఈ వేగం, ఈ స్వేచ్ఛ లేవు. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక విషయం చూడాలి. ఓలి తండ్రికి పోతుంది. తప్పు సొమ్ము పాత భర్తకు పోతుంది. కొంత పెద్దల విందుకూ పోతుంది. ఆమె చేసే పనికి విలువ ఉందని ఆచారం ఎప్పుడో ఒప్పుకుంది, ఆ విలువను లెక్క కూడా కట్టింది. ఆ సొమ్ము మాత్రం మగవాళ్ళ మధ్యే చేతులు మారుతుంది. తెగలు రాసుకోబోయే చట్టానికి బీజం ఇక్కడే ఉందని నేను అనుకుంటాను. భార్య కష్టానికి విలువ కట్టడం బయటి నుంచి తెచ్చిన ఆలోచన కాదు. ఆ విలువ ఆమె చేతికి రావడమే కొత్త.

ఒకప్పుడు ఈ లోటు పెద్దగా బాధించలేదు. దానికి కారణం ఆస్తి స్వభావం. పోడు చేసుకునే కుటుంబానికి కొండవాలు మీద శాశ్వత హక్కు లేదు. కొన్నేళ్ళు చోళ్ళు, సామలు, కందులు పండించి ఇంకో వాలుకు మారిపోయేవాళ్ళు. ఇంట్లో ఆస్తి అంటే గాదెలో గింజలు, నాలుగు మేకలు, జత ఎడ్లు, ఇత్తడి సామాను. విడిపోయి పుట్టింటికి వెళ్ళిన ఆడమనిషి మరుసటి ఏడాది అన్నదమ్ములతో కలిసి ఇంకో పోడు కొట్టుకోగలిగేది. ఆమె వదిలివెళ్ళింది ఒక పంట మాత్రమే. 1969 నాటి ముఠాల రద్దు రెగ్యులేషన్‌తో ముఠాదార్ల పెత్తనం పోయి రైతువారీ పట్టాలు వచ్చాయి. భూమి కదలడం మానేసింది, దాని మీద ఒక పేరు పడింది, ఎక్కువగా అది మగవాడి పేరే. తర్వాత కాఫీ వచ్చింది. మినుములూరులో కాఫీ బోర్డు పనితో, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పథకాలతో, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనుగోళ్ళతో కాఫీ ఇవాళ మన్యంలో లక్షకు పైగా ఎకరాల్లో ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాఫీ తోట తీరు వేరు. ముందు నీడకు సిల్వర్ ఓక్ పెంచాలి. మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు గానీ కాపు రాదు. మిరియం తీగ ఓక్ చెట్టెక్కి కాయడానికి ఇంకొంత కాలం కావాలి. కలుపు తీయడం, పండు ఏరడం, తొక్క తీసి కడిగి ఆరబెట్టడం, సంతకు మోయడం, వీటిలో ఎక్కువ పని ఆడవాళ్ళదే. పెళ్ళయిన ఏడాది పెట్టిన తోట పదేళ్ళకు నిండు కాపుకొస్తే, అందులో పదేళ్ళ ఆమె కష్టం నేలలో నిలిచి ఉంటుంది. ఆ ఏడాది కాపురం తెగితే ఆమె వెంట తీసుకెళ్ళగలిగేది ఏమీ లేదు. పాత ఆచారం ప్రకారం ఆమె స్వేచ్ఛగానే వెళ్ళగలదు, వట్టి చేతులతో. ఆస్తి కదలనప్పుడు ఆ స్వేచ్ఛకు ధర పెరిగింది, ఆచారం మాత్రం పాత ధర దగ్గరే ఆగిపోయింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో ఒక మంచి పని చేసి సగంలో వదిలేసింది. నాలుగో సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం ఆ చట్టం కింద వచ్చే పట్టా (ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా) ఆలుమగలిద్దరి పేరా ఉమ్మడిగా ఇవ్వాలి. ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి, బదలాయించడానికి వీల్లేదు. దేశంలో పెళ్ళితో ముడిపెట్టి భార్యకు భూమి హక్కు ఇచ్చిన కేంద్ర చట్టాలు చాలా అరుదు, అందులో ఇది ఒకటి. అయితే ఇద్దరూ విడిపోతే ఏమవుతుంది? చట్టం ఒక్క మాట చెప్పలేదు. బదలాయింపు కుదరదు కాబట్టి భర్త ఆమె వాటా కొని డబ్బివ్వడానికీ దారి స్పష్టంగా లేదు. ఆమె మారుమనువు చేసుకుని వేరే ఊరు వెళితే పట్టా మీద ఆమె పేరు మిగులుతుంది, తోట పాత భర్త చేతిలో మిగులుతుంది. ఇలాంటిదే ఇంకోటి ఉంది. 2013 భూసేకరణ చట్టం విధవలను, విడాకులు పొందినవాళ్ళను, కుటుంబం వదిలేసిన స్త్రీలను పునరావాసం కోసం విడి కుటుంబాలుగా లెక్కించాలంటుంది. పోలవరం ముంపు గ్రామాల్లో ఇది ఇల్లు, స్థలం, లక్షల రూపాయల మాట. కానీ కులపెద్దల ముందు తెగిన కాపురానికి కాగితం ఉండదు. కాగితం లేని విడాకులను అధికారి ఒప్పుకుంటాడన్న భరోసా ఏముంది? హక్కు చట్టంలో ఉంది, దాన్ని రుజువు చేసే సాధనం లేదు.

ఈ ప్రశ్న కొండ మీదే ఆగిపోదు. విశాఖ రేవు, ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ పెరిగిన పరిశ్రమలు, రిజర్వేషన్ ఉద్యోగాలు, కూలి పనులు రెండు మూడు తరాలుగా మన్యం మనుషులను కిందికి రప్పించాయి. ఉక్కు కర్మాగారంలో పనిచేసే గిరిజన కార్మికుడి ఆస్తి పోడు కాదు, కాఫీ తోట కూడా కాదు. నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో అప్పు చేసి కొన్న ఫ్లాటు, ఈమధ్య స్వచ్ఛంద పదవీ విరమణతో ఒకేసారి చేతికొచ్చిన సొమ్ము. ఊళ్ళో ఆచారం ప్రకారం కట్టుకున్న భార్య ఒకరు, పట్నంలో తర్వాత కట్టుకున్నామె ఇంకొకరు ఉంటే ఏది చెల్లుబాటు? హిందూ వివాహ చట్టం అతనికి వర్తించదు కాబట్టి రెండో పెళ్ళి దానంతట అది చెల్లకుండా పోదు. ఆచారం రెండో పెళ్ళిని నిషేధిస్తోందని భార్య నిరూపించలేకపోయినందువల్ల ద్విభార్యాత్వం కేసు నిలవలేదని 2001లో సూరజ్‌మణి స్టెల్లా కుజుర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఒరావ్, భర్త సంతాలు అయిన చదువుకున్న దంపతుల కథే అది. మన పట్నంలో ఉన్న గదబ, కొండదొర దంపతులదీ చట్టం కంటికి అదే పరిస్థితి. ఊరికి దూరమైన కొద్దీ కులపెద్దల మాటకు బలం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపే చట్టం లేదు. తెగ ఆచారం మీద ఆధారపడిన స్త్రీకి పట్నం రావడం వల్ల హక్కు పెరగాల్సింది పోయి తరుగుతోంది.

పూర్తిగా దిక్కు లేదనడం కూడా సరికాదు. భరణం కోసం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, కాపురమున్న ఇంట్లో నివాసం కోసం 2005 నాటి గృహహింస నిరోధక చట్టం తెగలతో సంబంధం లేకుండా అందరికీ వర్తిస్తాయి. అవి ఇచ్చేవి తిండి, నీడ, రక్షణ. వాటా ఇవ్వవు. వారసత్వం మీద సుప్రీంకోర్టు తీర్పులు చూస్తే న్యాయస్థానం ఎంత ఇబ్బంది పడుతోందో అర్థమవుతుంది. 1996లో మధు కిశ్వర్ కేసులో బీహారు ఆదివాసీ స్త్రీల తరఫున దాఖలైన పిటిషన్ మీద మెజారిటీ న్యాయమూర్తులు ఆచార చట్టాన్ని కొట్టేయలేదు, స్త్రీల జీవనాధారాన్ని మాత్రం కాపాడారు. 2000లో హిందూ పద్ధతులు పాటిస్తున్న సంతాలు కుటుంబానికి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుందన్నారు. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో చట్టం మార్చడం గురించి ఆలోచించమని కేంద్రానికి చెప్పారు. 2025 జులైలో రామ్ చరణ్ కేసులో ఒక గోండు స్త్రీ వారసులకు, వ్యతిరేకమైన ఆచారం రుజువు కానప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందేనన్నారు. అదే ఏడాది అక్టోబరులో గిరిజన కూతుళ్ళకు హిందూ వారసత్వ చట్టాన్ని వర్తింపజేయాలన్న హిమాచల్ హైకోర్టు ఆదేశాన్ని పక్కన పెట్టారు. దాదాపు ముప్పై ఏళ్ళలో తేలింది ఒకటే. కోర్టు ఒక్కో స్త్రీకి న్యాయం చేయగలదు, తెగకు చట్టం రాయలేదు. రాయాల్సింది ఎవరో కూడా ఆ తీర్పుల నుంచే తెలుస్తుంది.

బయటి అనుభవాల్లో మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది కెనడాది. అక్కడి ఆదివాసీ రిజర్వు భూములు ఫెడరల్ ప్రభుత్వ పరిధిలో ఉంటాయి, కుటుంబ ఆస్తి చట్టాలు రాష్ట్రాలవి. 1986లో డెరిక్సన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు రాష్ట్ర చట్టం రిజర్వు భూమిని పంచలేదని చెప్పింది. దాంతో రిజర్వులో ఇల్లు కట్టుకుని విడిపోయిన ఆదివాసీ స్త్రీకి ఏ చట్టమూ లేకుండా పోయింది. ఇంచుమించు మన మన్యం స్థితే. ఆ ఖాళీ పూడడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. 2013లో వచ్చిన చట్టం రెండంచెలుగా పనిచేస్తుంది. మొదటి అంచెలో ప్రతి ఆదివాసీ జాతి తన దాంపత్య ఆస్తి చట్టాన్ని తానే రాసుకుని, తమ వాళ్ళ ఓటుతో ఆమోదించుకోవచ్చు. ఓటుహక్కు ఉన్నవాళ్ళలో కనీసం నాలుగో వంతు మంది ఓటేయాలి, వేసినవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. ఏ జాతి అయినా రాసుకోకపోతే 2014 డిసెంబరు 16 నుంచి ఫెడరల్ తాత్కాలిక నియమాలు వర్తిస్తాయి. కుటుంబ నివాసం విలువలో ఇద్దరికీ సగం సగం, హింస ఉన్నచోట ఇల్లు తాత్కాలికంగా బాధితురాలికే. జాతిలో సభ్యత్వం లేని భర్తకో భార్యకో భూమి హక్కు రాదు, విలువ మాత్రం వస్తుంది. ఈ చట్టాన్ని తమతో సరిగా సంప్రదించకుండా రుద్దారని చాలామంది ఆదివాసీ నాయకులు, స్త్రీ సంఘాలు కూడా తప్పుపట్టాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా ఆ నిర్మాణంలో ఒక తెలివి ఉంది. రాసుకునే స్వేచ్ఛ జాతిది, రాసుకోలేదని స్త్రీ నష్టపోకూడదు. రెండూ ఒకే చట్టంలో నిలిచాయి. భూమిని, భూమి విలువను విడదీయడం అందులో ఇంకా విలువైన భాగం. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మన దేశంలోనే మిజోరం ఉంది. మిజోల ఆచార చట్టం జోలికి పార్లమెంటు చట్టం నేరుగా రాకుండా 371-జి అధికరణం కాపాడుతుంది. ఆ రక్షణను అడ్డం పెట్టుకుని మార్పును ఆపడానికి బదులు, మిజో స్త్రీల సంఘం ఎంహెచ్‌ఐపీ ఎన్నో ఏళ్ళు పట్టుబట్టి తమ శాసనసభ చేతే 2014లో మిజో వివాహ, విడాకుల, ఆస్తి వారసత్వ చట్టం చేయించింది. కాపురంలో సంపాదించిన ఆస్తిలో భార్యకు యాభై శాతం దాకా వాటా దానివల్ల వచ్చింది. అంతకుముందు ఆచారం ప్రకారం భర్త ఒక మాటతో పంపేస్తే ఆమెకు దక్కేది చాలా తక్కువ. హిందూ స్త్రీకి నేటికీ లేని వాటా మిజో స్త్రీకి తన తెగ చట్టం వల్లే దక్కింది. నాగాలాండ్ దీనికి ఎదురు ఉదాహరణ. 2017 మొదట్లో పురపాలక సంఘాల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లు ఇవ్వడం ఆచారానికి విరుద్ధమంటూ జరిగిన ఆందోళన ప్రాణాలు కూడా తీసింది. ఒకే రకమైన రాజ్యాంగ రక్షణ ఉన్న రెండు రాష్ట్రాల్లో రెండు రకాల ఫలితం. తేడా ఎక్కడుందంటే ఆచారం గురించి మాట్లాడే చోట స్త్రీలు ఉన్నారా లేదా అన్న దగ్గర.

మన మన్యం మిజోరం లాంటిది కాదు, రాజ్యాంగం ఆరో షెడ్యూల్లోనూ లేదు. అయిదో షెడ్యూల్ కింద ఉంది. ఇక్కడ స్వయంపాలిత మండలి లేదు కాబట్టి తెగ చట్టం చేయలేదని చాలామంది చేతులెత్తేస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్, తెగల ఆచార చట్టానికి, సాంఘిక పద్ధతులకు అనుగుణంగానే రాష్ట్రాలు పంచాయతీ చట్టాలు చేయాలంటుంది. సంప్రదాయాలను, ఆచారబద్ధమైన తగువుల పరిష్కార పద్ధతిని కాపాడుకునే సామర్థ్యం ప్రతి గ్రామసభకూ ఉందంటుంది. మన రాష్ట్రం 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని అందుకు తగ్గట్టు సవరించింది, 2011లో నియమాలు చేసింది. ఆచారాన్ని చర్చించి, తిరగరాసి, తీర్మానంగా పెట్టే వేదిక అలా సిద్ధంగా ఉంది. దానికి చట్టబలం ఇచ్చే అధికారం అయిదో షెడ్యూల్ అయిదో పేరా రెండో భాగంలో ఉంది. గవర్నర్ గిరిజన సలహా మండలిని సంప్రదించి షెడ్యూల్డ్ ప్రాంతంలో శాంతి, సుపరిపాలన కోసం రెగ్యులేషన్ చేయవచ్చు. రాష్ట్రపతి ఆమోదిస్తే అది చట్టమవుతుంది. మన్యం భూమిని ఇప్పటికీ కాపాడుతున్న 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ (1/70) అలా పుట్టినవే. వాటి బలం ఎంతో 1997లో సమతా తీర్పు చూపించింది. అనంతగిరి మండలం బొర్రా గ్రామాల దగ్గర గనుల లీజుల మీద నడిచిన ఆ కేసులో ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు ఆ భూమి లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. విశాఖ మన్యం దేశానికి ఇచ్చిన చట్టం అది. ఒక జాగ్రత్త కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో ఏజెన్సీ టీచరు పోస్టుల జీవో 3ను కొట్టేస్తూ సుప్రీంకోర్టు, అయిదో పేరా మొదటి భాగం కింద గవర్నర్ ఉన్న చట్టాన్ని ఆపవచ్చు, మార్చవచ్చు గానీ కొత్త చట్టం పుట్టించలేరని, ప్రాథమిక హక్కుల పరిధి దాటలేరని చెప్పింది. కాబట్టి వట్టి ప్రభుత్వ ఉత్తర్వు చాలదు, రెండో భాగం కింద రెగ్యులేషనే కావాలి. స్త్రీ పురుష సమానత్వాన్ని తప్పించుకునే నియమావళి ఏదీ కోర్టులో నిలవదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది భూమి గురించి. ఆడవాళ్ళకు హక్కు ఇస్తే, గిరిజనేతరుడు గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేరు మీద భూమి చేజిక్కించుకుంటాడని తెగ పెద్దలు భయపడతారు. ఆ భయం వట్టిది కాదు. 1/70ని తప్పించుకోవడానికి గిరిజన స్త్రీని పెళ్ళాడి, ఆమె పేరున భూమి, వ్యాపారం పెట్టడం ఏజెన్సీ అంతటా తెలిసిన మోసమే. కానీ దాన్ని ఆపాల్సింది భార్య వాటాను కాదు, బినామీని. భూమి, భూమి విలువ వేరువేరు అన్న కెనడా సూత్రం ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. ఆలుమగలు ఇద్దరూ గిరిజనులైతే, పెళ్ళి తర్వాత తెచ్చుకున్న భూమి, పెట్టిన తోట, కట్టిన ఇల్లు ఇద్దరికీ సమానం. వంశపారంపర్యంగా వచ్చిన భూమి ఎవరి వైపుది వాళ్ళకే ఉంటుంది. ఆ భూమిలో పెళ్ళి తర్వాత పెరిగిన తోట విలువలో మాత్రం సగం రెండోవాళ్ళకు రావాలి. కాపు కాస్తున్న ఏళ్ళలో ఏటా దిగుబడి నుంచి వాయిదాలుగా కూడా ఇవ్వవచ్చు. ఆలుమగల్లో ఒకరు గిరిజనేతరులైతే వాళ్ళకు భూమిలో ఏ హక్కూ పుట్టదు, భూమి విలువలో కూడా వాటా రాదు. వాళ్ళు నిజంగా పెట్టిన శ్రమకు మాత్రం లెక్క ఉంటుంది. ఇలా రాసుకుంటే 1/70కి ఒక్క చిల్లు కూడా పడదు. పైగా పెళ్ళి ముసుగులో నడిచే బినామీని పట్టుకోవడానికి అలాంటి నియమావళే ఆధారమవుతుంది.

ఆచారాన్ని కాగితం మీద పెడితే గడ్డకట్టిపోతుందన్నది రెండో అభ్యంతరం. చరిత్ర దీనికి కొంత సాక్ష్యం చెబుతుంది. దక్షిణాఫ్రికాలో వలస పాలకులు రాయించిన జులూ చట్టస్మృతి కుటుంబ ఆస్తికంతటికీ కుటుంబ పెద్దే యజమాని అని శాసించింది. జీవంతో ఉన్న ఆచారంలో అంత కరకుదనం లేదని పరిశోధకులు చెబుతూనే వచ్చారు. ఆ నియమాన్ని 2008లో గుమెడె కేసులో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆచార వివాహాలను గుర్తించే 1998 నాటి చట్టం కింద భార్యకు సమాన వాటా పాత పెళ్ళిళ్ళకూ వర్తిస్తుందని చెప్పింది. ఇక్కడ చూడాల్సింది ఎవరు రాశారన్నది. దొరల ముందు కొందరు పెద్దలు చెప్పింది రాస్తే అది పెద్దల చట్టమే అవుతుంది. ఏజెన్సీలో 1839 నాటి 24వ చట్టం మొదలుకుని కలెక్టరే ఏజెంటుగా తీర్పు చెప్పిన కాలమంతా మన్యం ఆచారం కూడా అలా మగవాళ్ళ నోటి నుంచే రికార్డుల్లోకి వెళ్ళింది. అందుకే రాసే చోట ఎవరుండాలో ముందే తేల్చుకోవాలి. అటవీ హక్కుల నియమాలు ఒక కొలత ఇచ్చాయి. గ్రామసభలో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు స్త్రీలుండాలి. దాంపత్య ఆస్తి మీద తీర్మానానికి నేనైతే సగం అడుగుతాను. ఇంకో మెట్టు కూడా పెట్టాలి. అయిదారేళ్ళకోసారి గ్రామసభ ఆ నియమావళిని మళ్ళీ చదివి మార్చుకోవచ్చని అందులోనే రాయాలి. అలా రాసిన ఆచారం గడ్డకట్టదు. ఇప్పుడు రాయకపోవడం వల్లే అది పాత పోడు కాలం దగ్గర నిలిచిపోయింది.

ఇన్ని తెగలకు ఒకే చట్టం ఎలా అన్న ప్రశ్న నన్ను అంతగా కలవరపెట్టదు. రెగ్యులేషన్ కనీస హక్కులు చెబుతుంది, వాటి మీద ఎవరి పద్ధతి వాళ్ళు కట్టుకుంటారు. పోర్జలకు, బగతలకు ఓలి వేరుగా ఉండవచ్చు, ఇల్లరికపు అల్లుడి వాటా వేరుగా ఉండవచ్చు. వట్టి చేతులతో ఎవరినీ పంపకూడదన్నది మాత్రం అందరికీ ఒకటే. చట్టం వస్తే కోర్టులు, లాయర్లు వచ్చి పడతారన్న భయానికీ జవాబు ఉంది. మొదటి తీర్పు గ్రామసభదే ఉండాలి. అక్కడ న్యాయం జరగలేదనుకున్న స్త్రీకి పైకి వెళ్ళే మెట్టు తెరిచి ఉంటే చాలు. ఇక ఉమ్మడి పౌరస్మృతి వస్తే ఇవన్నీ ఎందుకనే వాళ్ళు 2024లో వచ్చిన ఉత్తరాఖండ్ చట్టం చూడాలి. అది షెడ్యూల్డ్ తెగలను బయటే ఉంచింది. గ్రామసభలు చాలాచోట్ల కాగితం మీదే నడుస్తున్నాయన్నది మాత్రం నేను కాదనలేని విమర్శ. సంతకాలు ఇల్లిల్లూ తిరిగి పెట్టించుకుని సభ జరిగిందని రాసే అలవాటు ఉన్నంతకాలం ఆ సభ రాసిన చట్టానికి విలువ ఉండదు. అయితే గనుల మీద, బాక్సైట్ మీద తమకు పట్టింపు ఉన్నప్పుడు ఇదే మన్యం గ్రామసభలు గట్టిగా కూర్చుని తీర్మానాలు చేశాయి. ఆలుమగల తగువు ప్రతి ఇంటికీ దగ్గరి విషయం. కూర్చునే కారణం బలంగా ఉంటే సభ బతుకుతుంది.

ఇంత చేసినా ఒక లోటు మిగులుతుంది, అది విశాఖకే ఎక్కువ తగులుతుంది. అయిదో షెడ్యూల్ రెగ్యులేషన్ ప్రాంతానికి వర్తిస్తుంది, మనిషి వెంట రాదు. పాడేరు డివిజన్‌లో చెల్లే వాటా గాజువాకలో చెల్లదు. రావికమతం, దేవరాపల్లి, నాతవరం లాంటి మండలాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన గిరిజన గ్రామాల్లోనూ చెల్లదు. అవి కొండకు ఆనుకునే ఉన్నా సరే. ఆ గ్రామాలను షెడ్యూల్లో చేర్చాలన్న డిమాండ్ ఏళ్ళుగా ఉంది, తీరలేదు. అందువల్ల రెండు పనులు వెంట వెంట జరగాలి. షెడ్యూల్డ్ మండలాల్లో గ్రామసభల తీర్మానాలతో రెగ్యులేషన్ ఒకటి. వివాహం, విడాకులు, వారసత్వం ఉమ్మడి జాబితాలోని అయిదో అంశం కాబట్టి, అదే నియమావళిని రాష్ట్రంలోని గిరిజనులు ఎక్కడున్నా వర్తించేలా శాసనసభ చేసే చట్టం ఇంకోటి. వీటితో పాటు, కులపెద్దల ముందు జరిగిన పెళ్ళినీ తెగతెంపులనూ గ్రామసభ పుస్తకంలో రాసి ఆలుమగలిద్దరికీ నకలు ఇవ్వడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఆచార పద్ధతులను కాపాడమని పెసా ఇచ్చిన అధికారం దానికి సరిపోతుంది. ఉక్కు కర్మాగారం పీఎఫ్ కాగితాల ముందైనా, పునరావాస అధికారి బల్ల ముందైనా, ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా మీద పేరు గురించి తగువులోనైనా ఆమె చూపించగలిగే మొదటి రుజువు ఆ నకలే.